మొదటి కెమెరా కొనే పద్ధతి: ముందు ఫొటో, తర్వాత లెన్సు, ఆ తర్వాతే బాడీ

తిరుపతిలో ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది రెండు మూడు కెమెరాల పేర్లు కాగితం మీద రాసుకుని వచ్చి, వీటిలో ఏది మంచిదో చెప్పమని అడుగుతారు. మీరు తీయాలనుకుంటున్న ఫొటో ఏమిటో, దాన్ని ఏ వేళప్పుడు, ఎంత దూరం నుంచి తీయాల్సి వస్తుందో తెలియకుండా కెమెరా పేరు చెప్పడమంటే పాదం కొలత చూడకుండా చెప్పులు కుట్టి ఇవ్వడమే. లెన్సు మార్చుకునే వీలున్న కెమెరా కొన్నవారు నాలుగైదేళ్ళకు బాడీని (లెన్సు కాకుండా మిగిలిన కెమెరాను) మార్చినా, మంచి లెన్సును పది పదిహేనేళ్ళు వాడుకుంటారు. అందువల్ల ముందు ఫొటోను, దాన్నిబట్టి లెన్సును, ఆ లెన్సు పట్టే బాడీని ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ కూడా ఆ వరుసలోనే చెబుతాను.

పది ఫొటోల జాబితా

ఒక నోటుపుస్తకంలో, వచ్చే ఏడాది లోపల మీరు తప్పక తీయాలనుకునే పది ఫొటోలను రాయండి. ‘ప్రకృతి’, ‘మనుషులు’ అని రాస్తే ప్రయోజనం లేదు. ‘వాన పడిన మర్నాడు కపిలతీర్థంలో కొండ మీది నుంచి దూకే నీళ్ళు’, ‘చంద్రగిరి రాజమహల్ మీద పొద్దుటి ఎండ’, ‘మా పాప హాల్లో పాకుతున్నప్పుడు’, ‘గంగమ్మ జాతరలో వేషం కట్టినవారు, రాత్రిపూట’, ‘నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూడబాతులు’, ‘శ్రీకాళహస్తిలో కలంకారీ గీస్తున్న చెయ్యి’ అన్నట్టుగా చోటూ వేళా కళ్ళకు కట్టేలా రాయండి. ఒక్కొక్క ఫొటో పక్కన మూడు వివరాలు చేర్చండి. మీరు నిలబడే చోటి నుంచి అది ఎంత దూరం? అక్కడ వెలుతురు ఏపాటిది? అది కదిలేదా, కదలనిదా?

ఈ జాబితాలో ఇంటి నుంచి ఒక రోజులో వెళ్ళి రాగలిగే చోట్లే ఉండాలి. ఎప్పుడో వెళ్ళబోయే హిమాలయాల కోసం ఇప్పుడు లెన్సు కొన్నవారు దాన్ని బీరువాలో పెట్టి ఉంచడం నేను చాలాసార్లు చూశాను. అలాగే తిరుమల శ్రీవారి ఆలయంలోకి కెమెరాలనూ సెల్‌ఫోన్లనూ అనుమతించరు కనుక ఆలయం లోపలి దృశ్యాలేవీ మీ జాబితాలో ఉండకూడదు. మిగిలిన ఆలయాల్లో కూడా ముందుగా అడిగి తెలుసుకుని, అనుమతి ఉన్నవాటినే రాసుకోండి.

ఆ తర్వాత మీ ఫోనులో గడిచిన ఆరు నెలల ఫొటోలను నెమ్మదిగా తిరగేయండి. పగటి వెలుతురులో తీసిన కొండలు, టిఫిను ప్లేట్లు, నలుగురు కలిసి దిగిన ఫొటోలు చాలావరకు బాగానే ఉంటాయి. వాటినే మళ్ళీ తీయడానికి కెమెరా అక్కర్లేదు. ఫోను ఎక్కడ చేతులెత్తేసిందో, అంటే దూరాన ఉన్న పక్షి చుక్కలా మిగిలిపోయినచోట, దీపాల వెలుతురులో ముఖాలు అలుక్కుపోయినచోట, పరుగెత్తే పిల్లవాడు గీతలా సాగిపోయినచోట గుర్తు పెట్టుకోండి. మీరు ఖర్చు పెట్టబోయే డబ్బు ఆ ఫొటోల కోసమే. వాటిలో జాబితాకు ఎక్కనివి ఏవైనా ఉంటే చేర్చండి.

లెన్సు మీది రెండు అంకెలు

ప్రతి లెన్సు మీదా రెండు రకాల అంకెలు ఉంటాయి. 18-55 ఎంఎం అన్నది ఫోకల్ లెంత్, అంటే లెన్సు ఎంత విశాలంగా లేదా ఎంత దగ్గరగా చూపుతుందో తెలిపేది. ఎఫ్ 3.5-5.6 అన్నది ఎపర్చర్, అంటే వెలుతురును లోపలికి రానిచ్చే కిటికీ ఎంత పెద్దగా తెరుచుకుంటుందో తెలిపేది. ఎపర్చర్ అంకె తగ్గేకొద్దీ కిటికీ పెద్దదవుతుంది. ఈ రెండింటినీ మీ జాబితాకు అన్వయించడం నేర్చుకుంటే అంగడివారు చెప్పే మాటల్లో ఏది మీకు పనికొస్తుందో మీరే తేల్చుకోగలుగుతారు.

ముందుగా దూరం లెక్క చూద్దాం. మొదటి కెమెరాగా ఎక్కువమంది కొనే ఏపీఎస్-సీ రకం సెన్సర్ (లెన్సు వెనుక ఫొటోను పట్టే పలక) సుమారు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది (కెనన్‌లో 22.3). మీరు నిలబడిన దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి ఫోకల్ లెంత్‌తో భాగిస్తే, ఆ దూరంలో ఎంత వెడల్పు ఫొటోలో పడుతుందో తెలుస్తుంది. మన ఇళ్ళలో పది అడుగుల గది మామూలు. గోడకు వీపు ఆనించి ఎదుటి గోడ దగ్గర కూర్చున్నవారిని 50 ఎంఎం లెన్సుతో తీస్తే ఫొటోలో పట్టేది నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు మాత్రమే. 35 ఎంఎం అయితే దాదాపు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, 18 ఎంఎం అయితే పదమూడు అడుగులు పడతాయి. చవకగా దొరుకుతుంది కాబట్టి మొదటి ప్రైమ్ లెన్సుగా (జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంత్ ఉన్న లెన్సుగా) 50 ఎంఎం కొనమని అందరూ సలహా ఇస్తుంటారు. ఆ మాట ఇంతకన్నా పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు సరిపోతుంది గానీ, ఏపీఎస్-సీ కెమెరాతో మన గదుల్లో అది ఒక మనిషి ఛాతీ వరకు తీయడానికే బాగుంటుంది. అమ్మ ఒడిలో పాపను, పక్కన నాన్నమ్మను కలిపి తీయాలంటే వెనక్కి జరగడానికి చోటు ఉండదు. ఇంట్లో తీసేవారికి నేను చెప్పేది 35 ఎంఎం. ఇందులో నాకు సందేహం లేదు.

ఇదే లెక్కను నేలపట్టుకు తీసుకువెళ్ళండి. గూడబాతు ముక్కు నుంచి తోక వరకు ఒకటిన్నర మీటరుకు మించదు. అది వంద మీటర్ల దూరంలో చెట్టు మీద కూర్చుని ఉంటే, 250 ఎంఎం లెన్సులో తొమ్మిది మీటర్ల పైచిలుకు వెడల్పు పడుతుంది, అంటే పక్షి మీ ఫొటోలో ఆరోవంతు. 500 ఎంఎం అయితే మూడోవంతు. కెమెరాతో కలిపి అమ్మే కిట్‌లో వచ్చే రెండో లెన్సుతో పక్షులను తీస్తామని ఆశపడి, ఆఖరికి చెట్టు ఫొటోలతో తిరిగి వచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఈ లెక్క కొనకముందే ఒక్క నిమిషంలో వేసుకోగలిగేది. మీ పది ఫొటోల్లో పక్షులు ఒకటో రెండో అయితే మొదటి ఏడాదికి వాటిని పక్కన పెట్టండి. అయిదారు పక్షులే అయితే మాత్రం మీ దారి వేరు. డబ్బులో ఎక్కువ భాగం 400 ఎంఎం దాకా వెళ్ళే లెన్సుకు కేటాయించి, బాడీని పాతది కొనండి. ఆ లెన్సుల్లో బరువు తేడా కూడా చూసుకోవాలి. కెనన్ ఆర్‌ఎఫ్ 100-400 ముప్పావు కిలో కూడా ఉండదు. నికాన్ 200-500 రెండు కిలోలు దాటుతుంది, కాబట్టి దాన్ని మోసుకుని చెరువు గట్టున పూటంతా తిరగగలరో లేదో చూసుకోండి.

ఇప్పుడు వెలుతురు లెక్క. ఎఫ్ 1.8 లెన్సు, ఎఫ్ 5.6 లెన్సు కన్నా దాదాపు పదిరెట్లు వెలుతురును లోపలికి పంపుతుంది. దీని విలువ నాకు తెలిసింది తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. మొదటి కెమెరా కొన్నప్పుడు నా దగ్గరున్న డబ్బంతా బాడీ మీదే పెట్టి, దానితో వచ్చిన కిట్ లెన్సుతోనే ఆ రాత్రి వెళ్ళాను. బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం కట్టి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళేవారు ట్యూబులైట్ల వెలుతురులో ఒక్కచోట నిలవకుండా కదులుతూనే ఉంటారు. లెన్సును కాస్త ముందుకు జూమ్ చేసేసరికి ఎపర్చర్ ఎఫ్ 5.6కు చేరి, షట్టర్ స్పీడు (వెలుతురును లోపలికి రానిచ్చే తలుపు తెరిచి మూసే వేగం) సెకనులో ఇరవయ్యో వంతుకు పడిపోయింది. ముఖాలన్నీ అలుక్కుపోయాయి. మరుసటి ఏడు మిత్రుడొకడి పాత బాడీకి 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు తగిలించుకుని అదే వీధిలో నిలబడితే, అంతే వెలుతురులో షట్టర్ సెకనులో రెండు వందలవ వంతుకు వెళ్ళింది. పసుపు కుంకుమలు పూసుకున్న ముఖాల మీద చెమట బిందువులు కూడా కనిపించాయి. ఫ్లాష్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. మొక్కుతో నడుస్తున్న మనిషి కళ్ళలోకి ఫ్లాష్ కొట్టడం మర్యాద కాదు, పైగా ఆ వీధి రంగులన్నీ చచ్చిపోతాయి.

లెన్సులో వీఆర్, ఐఎస్, ఓఎస్‌ఎస్ వంటి అక్షరాలు ఉంటే చేతి వణుకును అది సర్దుతుందని అర్థం. కదలని దృశ్యానికి అది మేలు చేస్తుంది. కదిలే మనిషిని మాత్రం అది ఆపలేదు, అందుకు షట్టర్ వేగమే కావాలి. ఈ ఒక్క విషయం తెలియక, వణుకు సర్దే లెన్సుంటే రాత్రి ఫొటోలు వచ్చేస్తాయని నమ్మి మోసపోయేవారు ఎక్కువ.

మిగిలిన ఫొటోలకు ఇంత ఆలోచన అక్కర్లేదు. కపిలతీర్థంలోనూ, 270 అడుగుల ఎత్తు నుంచి పడే తలకోన దగ్గరా నీళ్ళు పాలధారలా రావాలంటే షట్టర్‌ను అర సెకను దాకా తెరిచి ఉంచాలి. దానికి కిట్ లెన్సు, గట్టి ట్రైపాడ్, తుంపర తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ ఉంటే సరిపోతుంది. రాజమహల్ మూడంతస్తులూ పట్టడానికి 18 ఎంఎం చాలు. కలంకారీ గుడ్డను గానీ, ఆన్‌లైనులో అమ్మకానికి పెట్టే చీరను గానీ తీయడానికి కిటికీ పక్కన నిలకడైన వెలుతురు, కిట్ లెన్సు చాలు. రంగు సరిగ్గా రావడం వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగినట్టు కెమెరాను సర్దడం) మీద ఆధారపడుతుంది తప్ప లెన్సు ధర మీద కాదు.

ఇలా జాబితా మొత్తానికి లెక్క వేసుకుంటే చాలామందికి ఒక కిట్ లెన్సు, ఒక 35 ఎంఎం ఎఫ్ 1.8 లేదా దానికి దగ్గరలో ఉన్న ప్రైమ్ లెన్సు తేలుతాయి. మీకు తేలినవాటిని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి.

బాడీని ఎంచుకోవడం

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ సెన్సర్ వైశాల్యంలో దానికన్నా రెండున్నర రెట్ల దాకా చిన్నది. చీకట్లో ఫుల్ ఫ్రేమ్ మేలన్న మాట నిజమే. కానీ ఆ మేలు వైశాల్యంలో ఉన్న తేడా మేరకే ఉంటుంది, లెన్సు వల్ల వచ్చే మేలు పదిరెట్ల దాకా ఉంటుందని పైన చూశాం. అంటే ఎఫ్ 5.6 లెన్సు తగిలించిన ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కన్నా, ఎఫ్ 1.8 లెన్సు తగిలించిన మామూలు ఏపీఎస్-సీ కెమెరా జాతర వీధిలో మెరుగ్గా పనిచేస్తుంది. మొదటి కెమెరాకు ఏపీఎస్-సీ చాలని నేను చెప్పడానికి కారణం ఇదే. ఫుల్ ఫ్రేమ్ లెన్సులు ధరలోనూ బరువులోనూ ఎక్కువ కావడం మరో కారణం.

మెగాపిక్సెళ్ళ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మన పెళ్ళి ఆల్బముల్లో వాడే 12×18 అంగుళాల షీటును అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి 3,600×5,400 పిక్సెళ్ళు, అంటే కోటి 94 లక్షలు కావాలి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా రెండు కోట్ల 40 లక్షలు ఇస్తుంది. అంతకన్నా ఎక్కువ ఉన్నాయన్న కారణంతో ఏ కెమెరాకూ అదనంగా డబ్బు పెట్టకండి.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేనిది) కొనాలా, డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉన్న పాత రకం) కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా ఉంటుంది. కొత్తది కొంటే మిర్రర్‌లెస్, పాతది కొంటే డీఎస్‌ఎల్‌ఆర్ కూడా చక్కటి ఎంపిక. మౌంట్ అంటే లెన్సు బాడీకి తగులుకునే చోటు. నికాన్ 1959 నుంచి ఎఫ్ మౌంట్‌ను, కెనన్ 1987 నుంచి ఈఎఫ్ మౌంట్‌ను నడిపాయి. 2018లో ఆ రెండు కంపెనీలూ జెడ్, ఆర్‌ఎఫ్ అనే కొత్త మౌంట్లతో మిర్రర్‌లెస్ దారి పట్టాయి, ఆ తర్వాత కొత్త లెన్సులన్నీ దాదాపు ఆ వైపే వస్తున్నాయి. సోనీ ఈ మౌంట్ 2010లో, ఫ్యూజీ ఎక్స్ మౌంట్ 2012లో మొదలయ్యాయి. నేర్చుకునేవారికి మిర్రర్‌లెస్‌లో ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఎపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) మార్చినప్పుడు ఫొటో ఎంత వెలుతురుగా వస్తుందో బటన్ నొక్కకముందే, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌కు బ్యాటరీ బలం. నికాన్ డి3500 ఒక ఛార్జింగ్‌తో 1,550 ఫొటోలు తీస్తుందని ప్రమాణ పరీక్ష చెబుతుంది, నేర్చుకునేవారి కోసం చేసిన మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు మూడు నాలుగు వందల దగ్గర ఉంటాయి. అందువల్ల మిర్రర్‌లెస్ కొనేవారు రెండో బ్యాటరీ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

వ్యూఫైండర్ లేని బాడీలు కూడా ఉన్నాయి, ఉదాహరణకు నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10. ప్రధానంగా వీడియో తీసేవారి కోసం చేసినవి అవి. వేసవిలో తిరుపతి ఎండలో వెనుక స్క్రీను కనిపించదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని గుడ్డిగా తీయాల్సి వస్తుంది. ఫొటోలు తీయడమే మీ కోరిక అయితే కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉన్నదే కొనండి.

కంపెనీని ఎంచుకోవడమంటే మౌంట్‌ను ఎంచుకోవడమే. ఒక మౌంట్‌కు కొన్న లెన్సు ఇంకో మౌంట్‌కు నేరుగా పట్టదు. కెనన్ 2012లో ఈఎఫ్-ఎం అనే మౌంట్‌తో చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చి, 2023లో ఆ వరుసను ఆపేసింది. ఆ లెన్సులు కొన్నవారు వాటిని ఆర్‌ఎఫ్ బాడీ మీద వాడుకోలేరు. సెకండ్‌హ్యాండ్ అంగట్లో అవి ముచ్చటగా, చవకగా కనిపిస్తాయి కనుక కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. పాత ఈఎఫ్ లెన్సులు మాత్రం అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఒక మెలిక ఉంది. డి3500, డి5600 వంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, అందువల్ల ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అని రాసి ఉన్న లెన్సులకే ఆటోఫోకస్ వస్తుంది. ఏఎఫ్-డి అని ఉన్న పాత లెన్సు వాటికి తగులుకుంటుంది కానీ ఫోకస్‌ను మీరు చేత్తో తిప్పుకోవాలి. అడాప్టర్‌తో జెడ్ బాడీల మీద పెట్టినా ఇంతే.

కొత్త మిర్రర్‌లెస్‌లో కెనన్ ఆర్50, ఆర్10, నికాన్ జెడ్50, సోనీ ఏ6400 వంటివాటిలో ఏది తీసుకున్నా నేర్చుకునేవారికి లోటు ఉండదని నా అభిప్రాయం. వాటిని వేరుచేసేది చుట్టూ ఉన్న లెన్సులు. సోనీకి ఇతర కంపెనీల లెన్సులు చాలా ఏళ్ళుగా విరివిగా ఉన్నాయి. సిగ్మా 16, 30, 56 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సులు సోనీ, ఫ్యూజీలతో పాటు నికాన్ జెడ్‌కూ దొరుకుతున్నాయి. కెనన్ ఆర్‌ఎఫ్ ఏపీఎస్-సీ బాడీలకు సిగ్మా, టామ్రాన్ లెన్సులు 2024 నుంచే మొదలయ్యాయి. మీరు ఎర్ర సిరాతో రాసుకున్న లెన్సు ఏ మౌంట్‌కు మీ డబ్బులో దొరుకుతుందో చూసుకుంటే ఎంపిక సగం పూర్తయినట్టే. ఒక్క మినహాయింపు చెబుతాను. మీ బాబాయి దగ్గరో, మీ దగ్గరి స్నేహితుడి దగ్గరో ఒక కంపెనీ లెన్సులు ఉండి, అడిగితే ఒక పూట ఇచ్చే చనువు ఉంటే, మారు ఆలోచన లేకుండా అదే కంపెనీ తీసుకోండి. మొదటి ఏడాది అరువు లెన్సు నేర్పినంత ఏ పోలిక పట్టికా నేర్పదు.

డబ్బును విడదీయడం

చేతిలో ఉన్న మొత్తంలో కనీసం మూడోవంతును బాడీకి అందకుండా పక్కన పెట్టండి. 60 వేలు ఉన్నాయనుకుంటే, బాడీ, కిట్ లెన్సు కలిపి 40 వేలకు దాటకూడదు. మిగిలిన 20 వేలలో ప్రైమ్ లెన్సు, మెమరీ కార్డు, రెండో బ్యాటరీ, బ్యాగు రావాలి. ఆ 40 వేలలో కొత్త మిర్రర్‌లెస్ రాకపోతే సెకండ్‌హ్యాండ్ వైపు వెళ్ళండి గానీ, లెన్సు డబ్బును బాడీలో కలపకండి. మెమరీ కార్డు మీద వీ30 అన్న గుర్తు చూసి కొనండి, సెకనుకు 30 ఎంబీ తగ్గకుండా రాయగలదని దాని అర్థం. పెద్ద కార్డు ఒకటి కొనేకన్నా 64 జీబీవి రెండు కొనడం మంచిది, ఒకటి చెడినా రోజంతా పోదు.

అంగట్లో చూడవలసినవి

కొనే నిర్ణయానికి ముందు వీలైతే ఆ బాడీని, లెన్సును ఒక రోజు అద్దెకు తీసుకోండి. పెళ్ళి ఫొటోలు తీసేవారు లెన్సులు అద్దెకు తెచ్చుకోవడం మామూలే కనుక, మీకు తెలిసిన స్టూడియోవారిని అడిగితే దారి చెబుతారు. జాబితాలో ఇంటికి దగ్గరగా ఉన్న రెండు ఫొటోలను ఆ రోజు తీసి చూడండి.

అంగడికి వెళ్ళేటప్పుడు మీ సొంత మెమరీ కార్డు తీసుకువెళ్ళండి. కెమెరాను చేతిలో పెట్టుకుని రెండు నిమిషాలు కంటి దగ్గరే ఉంచండి. చిటికెన వేలికి పట్టు దొరుకుతుందా, బొటనవేలు కదపకుండా డయల్ తిప్పగలరా చూడండి. కళ్ళద్దాలు ఉన్నవారు అద్దాలతోనే చూసి, వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి అక్షరాలు స్పష్టంగా ఉన్నాయో లేదో గమనించాలి. తర్వాత గుమ్మంలో నిలబడి రోడ్డు మీద వచ్చే ఆటోలను, నడిచి వెళ్ళేవారిని ఆటోఫోకస్ వెంబడించే పద్ధతిలో వరుసగా తీయండి. లోపలికి వచ్చి అంగడిలో చీకటిగా ఉన్న మూలను ఐఎస్‌ఓ 3200, 6400 వద్ద తీయండి. ఆ కార్డును ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాకే మాట ఇవ్వండి. అదే రోజు కొనమని ఎవరు తొందరపెట్టినా లొంగవద్దు.

జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువ ధరకు ఇస్తామంటే ఒప్పుకోకండి. బిల్లు మీద సీరియల్ నంబరు, బిల్లుతో పాటు కంపెనీ భారతదేశ వారంటీ కార్డు ఉండాలి. రిపేరు వస్తే కెమెరాను ఇక్కడే చూస్తారా, చెన్నైకో బెంగుళూరుకో పంపుతారా, పంపితే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

సెకండ్‌హ్యాండ్ కొనేవారికి

పాత కెమెరా కొనడం తక్కువ పని అని ఎవరూ అనుకోనక్కర్లేదు. జాగ్రత్తగా చూసి కొన్న పాత బాడీ, మంచి లెన్సు కలిస్తే కొత్త పెట్టెలో వచ్చినదాని కన్నా ఎక్కువ నేర్పుతుంది. కాకపోతే చూడడానికి గంట పడుతుంది, పగటిపూటే చూడాలి.

మొదట షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. నికాన్ డి3500 షట్టర్‌ను లక్ష క్లిక్కులకు, డి7200 షట్టర్‌ను లక్షన్నరకు పరీక్షించినట్టు కంపెనీ చెబుతుంది. మన ప్రాంతంలో అమ్మకానికి వచ్చే బాడీల్లో చాలా వాటితో పెళ్ళిళ్ళు తీసి ఉంటారు. ఒక్కో పెళ్ళికి రెండు మూడు వేల క్లిక్కులు అవుతాయి కనుక నలభై పెళ్ళిళ్ళకు లక్ష చేరుతుంది. నికాన్‌లో ఆ అంకె ఫొటో ఫైలులోనే నమోదై ఉంటుంది. ఒక జేపీఈజీ తీయించుకుని ఇంటికి తెస్తే కంప్యూటర్‌లో చదువుకోవచ్చు. కెనన్ ఫైళ్ళలో సాధారణంగా ఆ అంకె ఉండదు, అప్పుడు గ్రిప్పు రబ్బరు ఊడిందా, బటన్ల మీది గుర్తులు అరిగాయా, ఫ్లాష్ తగిలించే చోట రంగు ఎంత పోయిందో చూసి అంచనాకు రావాలి.

తర్వాత సెన్సర్. ఎపర్చర్‌ను ఎఫ్ 16కు పెట్టి, ఫోకస్ తప్పించి, మబ్బు లేని ఆకాశాన్ని తీయండి. నల్లటి మచ్చలు కనిపిస్తే దుమ్ము, శుభ్రం చేయిస్తే పోతుంది. ఎన్ని ఫొటోలు తీసినా ఒకేచోట సన్నటి గీత కనిపిస్తే గీరుకుపోయిందని అర్థం, దాన్ని వదిలేయండి. లెన్సు మూత పెట్టి ఒక సెకను షట్టర్‌తో ఒక ఫొటో తీసి, నల్లటి తెర మీద రంగు చుక్కలు ఎన్ని మెరుస్తున్నాయో కూడా చూడండి.

లెన్సును బాడీ నుంచి విడదీసి, వెనుక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. అటువంటి లెన్సును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు, తేమ తగిలితే పెరుగుతుంది, శుభ్రం చేయడానికి లెన్సు విప్పాలి. రెండు మూడు దుమ్ము రేణువులు మాత్రం దోషం కాదు. జూమ్ తిప్పేటప్పుడు ఇసుక గీసినట్టు శబ్దం వస్తుందా, మౌంట్ స్క్రూలు విప్పిన గుర్తులు ఉన్నాయా, దగ్గర నుంచి దూరానికీ దూరం నుంచి దగ్గరకూ అయిదుసార్లు ఫోకస్ చేస్తే ఒక్కసారైనా తడబడుతుందా పరీక్షించండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దానంతట అది బయటికి రాదు, వేళ్ళతో లాగాల్సి వస్తుంది. చివరగా బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు, అమ్మేవారు చూపే బిల్లు మీది నంబరు ఒకటేనో కాదో చూసుకోండి. బిల్లు లేదంటే బేరం అక్కడితో ఆపేయండి.

తెచ్చిన తర్వాత మొదటి వారం

కెమెరాను బీరువాలో తోలు సంచిలో దాచే అలవాటు మన ఇళ్ళలో ఉంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది కనుక అది లెన్సుకు మంచిది కాదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, అంకె 40, 50 మధ్య ఉండేలా చూసుకోండి. వానాకాలంలో పొట్లాలను పది రోజులకోసారి మార్చాలి. ఎండాకాలంలో నిలిపి ఉంచిన కారులో కెమెరా వదిలి వెళ్ళకండి.

ఆ వారం రోజులు మెనూలన్నీ చదవనక్కర్లేదు. ప్రైమ్ లెన్సు తగిలించి, ఎపర్చర్ మీరు పెట్టి షట్టర్‌ను కెమెరాకు వదిలే పద్ధతిలో ఉంచండి. ఐఎస్‌ఓ ఆటోలో పెట్టి, షట్టర్ సెకనులో 125వ వంతుకు తగ్గకుండా కట్టడి చేసే వీలు ఉంటే చేయండి. ఫొటోలను రా (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు), జేపీఈజీ రెండు రకాల్లోనూ భద్రపరచండి. రోజుకు ఇరవై ఫొటోలు ఇంట్లోవి, వీధిలోవి తీసి, రాత్రి కంప్యూటర్ మీద ఫోకస్ ఎక్కడ పడిందో చూసుకోండి. తయారీ లోపం ఏదైనా ఉంటే ఈ రోజుల్లోనే బయటపడుతుంది, కాబట్టి అంగడివారు మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఆ గడువు ముగిసేలోగా జాబితాలో మొదటి ఫొటో తీయడానికి ఒక ఉదయం చంద్రగిరికి బయలుదేరండి.